హన్మండ్లు బిగించిన వేడిగాలి డబ్బా

ఎండాకాలం వచ్చిందంటే సిద్ధులగుట్ట రాళ్లు పెనంలా కాలే ఊరు ఆర్మూర్. అలాంటి ఊళ్లో హన్మండ్లుకు వచ్చిన పని హీటర్లు బిగించడం. కూలర్లు బాగుచేసేవాళ్లకు చేతినిండా పని దొరికే చోట, ఈయన వేడి పుట్టించడం నేర్చుకొచ్చాడు. అది కూడా ఎడారిలో నేర్చుకున్నాడు. గోల్ బంగ్లా దగ్గరి చాయ్ హోటల్లో ఆయన బెంచీ మీద కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు.

"హన్మండ్లన్నా, రియాదుల ఉడుకపోస్త లేదని షేకులు నిన్ను పిలిపించుకున్నరా ఏంది?"

"నవ్వుర్రి. చలికాలం ఆడ పొద్దుగాల నల్లా నీళ్లు ముట్టుకుంటె వేళ్లు కొంకర్లు పోతయి. పగటిపూటనే అది ఎడారి."

"అయితె మా ఇంట్ల గూడ ఒక హీటరు బిగియ్యి. మే నెలల."

అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని నిదానంగా తాగే మనిషి. మాటకు మాట అప్పజెప్పే రకం కాదు.

రియాద్‌లో పెద్దింటోళ్ల ఏసీ అంటే కిటికీకి తగిలించే డబ్బా కాదు. పైకప్పు కింద, మంచమంత రేకు డబ్బా ఒకటి దాగి ఉంటుంది. అందులో పెద్ద ఫ్యాన్. అది ఇంట్లో గాలిని లాక్కుని గొట్టాల్లోంచి గదిగదికీ తోస్తుంది. ఎండాకాలం ఆ గాలి చల్లటి పైపుల మీదుగా పోతుంది, చలికాలం కాలే తీగెల మీదుగా పోతుంది. ఆ తీగెలు బిగించడమే హన్మండ్లు పని. స్ప్రింగులా చుట్టిన తీగెను పింగాణీ పూసల్లోంచి దూర్చి, చట్రానికి సాగదీసి కట్టాలి. వదులైతే వేడికి జారి రేకును తాకుతుంది, బిగువైతే తెగుతుంది. ఆయనకు పని నేర్పిన ఫిలిప్పీన్ ఫోర్‌మన్‌కు అరబ్బీ సరిగా రాదు, హన్మండ్లుకు ఇంగ్లీషు సరిగా రాదు. అందుకని వాళ్లిద్దరి మధ్య నడిచిన చదువంతా ఒక్క మాటే: ఫ్యాన్ ముందు, హీటర్ తర్వాత. గాలి ఆడకుండా తీగె కాలితే అది బీరువాలో పెట్టిన పొయ్యి అవుతుంది.

ఏళ్లకేళ్లు ఆ పనిలోనే గడిచాయి. పెళ్లయిన కొత్తలో పోయినవాడు, సెలవుకొచ్చినప్పుడు చుట్టంలా ఉండి పోయేవాడు. పిల్లలు కలగలేదు. భార్య గంగామణి ఇక్కడే, పొరుగింటి హబీబ్ వాళ్ల గోడ పక్కన రెండు గదుల ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఉండేది. ఆమె పక్కూరు పెర్కిట్‌లోని ఎంకటి బిడ్డ, ఒక్కతే బిడ్డ. తల్లి చిన్నప్పుడే పోతే, ఎంకటి మళ్లీ పెళ్లి చేసుకోకుండా, పసుపు చేనుకు పోతూ బిడ్డను భుజాన వేసుకుని పెంచాడు.

ఫోన్ చేసినప్పుడల్లా గంగామణి నవ్వుతూ మాట్లాడేది. మధ్యలో ఒక్కోసారి గొంతు ఆగిపోయేది. లైన్ బాగాలేదనుకునేవాడు హన్మండ్లు. అది లైన్ కాదని హబీబ్ వల్ల తెలిసింది. హబీబ్ కూడా రియాద్‌లోనే డ్రైవర్‌గా చేసి, ముందే తిరిగొచ్చేశాడు. ఒకనాడు అతనే ఫోన్ చేశాడు.

"హన్మండ్లు భాయ్, వదిన నీతోని మాట్లాడుతుంటె దగ్గొస్తది. దగ్గొచ్చినప్పుడల్లా ఫోను మీద చెయ్యి అడ్డం వెట్టుకుంటుంది. మా ఆరిఫా చూసింది. ఇగ రా. పైసలకేంది, వస్తయి, పోతయి."

ఆయన వచ్చేశాడు. అందరూ గల్ఫ్ నుంచి బంగారం, టేప్‌రికార్డర్లు తెస్తే ఈయన కార్టన్‌లో దుప్పట్ల మధ్య ఒక హీటర్ తీగెల జత పెట్టుకుని వచ్చాడు. కంపెనీలో మిగిలిపోయిన పాత సామాను, ఫోర్‌మన్ ఇచ్చాడు. గంగామణి దాన్ని చేత్తో ఎత్తి చూసి, హబీబ్ భార్య ఆరిఫాతో అంది:

"సూసినవా అక్కా, అందరి మొగలు గొలుసులు తెస్తరు. మాయన నాకు స్ప్రింగులు తెచ్చిండు."

"మెడల ఏసుకో. ఎవ్వరి దగ్గర ఉండయి," అంది ఆరిఫా.

అప్పటికే గంగామణికి నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఊహ తెలిసినప్పటి నుంచి తంబాకు దుమ్ము పీల్చిన రొమ్ము. ఎండాకాలం ఎలాగో గడిచేది. చలి మొదలైతే మాత్రం పడుకోలేక, దిండు ఒళ్లో పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చునేది. కుంపటి పెడితే పొగకు ఇంకా ఎక్కువయ్యేది. నిజామాబాద్ దవాఖానలో డాక్టర్ చెప్పింది కూడా అదే: గది వెచ్చగా ఉండాలి, పొగ మాత్రం సోకకూడదు. ఇంకోసారి పొగ పట్టిందంటే రొమ్ము తట్టుకోలేదు.

ఆ మాట విన్నప్పటి నుంచి హన్మండ్లుకు ఒకటే ధ్యాస. ఆమెకు తాను ఇన్నేళ్లు ఏమీ చేయలేదు. ఎవరెవరి ఇళ్లో వెచ్చబెట్టి వచ్చాడు, ఈ ఒక్క గది ఎందుకు వెచ్చబెట్టలేడు?

నిజామాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో ఒక ఏసీ ఫ్యాన్ డబ్బా దొరికింది. ఏదో ఫంక్షన్ హాల్లోంచి పీకేసింది. ఆటో మీద కట్టుకుని తెచ్చాడు. వాకిట్లో పెట్టి కడిగాడు, ఫ్యాన్‌కు గ్రీజు పెట్టాడు. చప్పుడు రాకుండా లోపల అతికించిన నల్ల స్పాంజిని తీగెలు వచ్చే చోట గీకేశాడు. వెనక వైపు మాత్రం ఉంచాడు. చప్పుడుంటే గంగామణికి కునుకు పట్టదని.

తీగెలు బిగించే రోజు గంగామణి గడపలో కూర్చుని చూసింది. ఆయన ఒక్కో పూసను గుడ్డతో తుడిచి, తీగెను అందులోంచి లాగుతున్నాడు.

"గిదేనా నువ్వు గన్నేండ్లు జేసిన పని?"

"గిదే."

"బీడీ చుట్టినట్టె ఉన్నది గద. జరంత వదులైతె పాయె, జరంత బిగువైతె పాయె."

హన్మండ్లు చేయి ఆపి ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఎవరూ తన పనిని అంత సరిగ్గా చెప్పలేదు.

ఇక కరెంటు సంగతి. చలికాలం పొద్దున అందరూ నీళ్లు కాగబెట్టుకుంటారు కాబట్టి వోల్టేజీ పడిపోయేది. ఫ్యాన్, హీటర్ రెండూ ఇంటి ఫేజ్ మీదే పెడితే ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరిగింది. హబీబ్ ఇంటికి వచ్చేది వేరే ఫేజ్, కరెంటు స్తంభం మీది ఇంకో తీగ. గోడ మీది నుంచి ఒక వైరు ఇచ్చాడతను. అలా ఫ్యాన్ ఈ ఇంటి కరెంటుతో, తీగెలు ఆ ఇంటి కరెంటుతో నడిచాయి.

అలా నడిపితే ప్రమాదం ఎక్కడుందో హన్మండ్లుకు తెలుసు. ఈ ఫేజ్ పోయి ఆ ఫేజ్ ఉంటే ఫ్యాన్ ఆగిపోతుంది, తీగెలు కాలుతూనే ఉంటాయి. అందుకని మధ్యలో మోటర్ స్టార్టర్ పెట్టాలనుకున్నాడు. మామను అడిగితే ఎంకటి తన బావి దగ్గరి పాత స్టార్టర్ తెచ్చి ఇచ్చాడు. దాని పచ్చ బొత్తం చుట్టూ రేకు మీద సుతిలి తాడు రాసుకుని రాసుకుని గాడి పడి ఉంది.

ఆ గాడి సంగతి చెప్పాలి. ఆ పాత స్టార్టర్‌లో పచ్చ బొత్తం నొక్కితే లోపలి రాగి పలకలు ఆనుకుంటాయి. చేయి తీశాక వాటిని పట్టుకుని ఉంచేది లోపలి కాయిల్. కరెంటు పోయిందంటే కాయిల్ వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా ఎవరో ఒకరు వచ్చి నొక్కాలి. చేలకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. దాని కోసం బావి కాడ ఎవరు కాపలా పడుకుంటారు? అందుకని మొక్కజొన్న కంకి గింజలు ఒలిచేస్తే మిగిలే మక్క బెండు ముక్కను బొత్తం మీద పెట్టి, బస్తాలు కుట్టే సుతిలితో గట్టిగా కట్టేస్తారు. బొత్తం నొక్కుకునే ఉంటుంది. కరెంటు రాగానే మోటర్ తనంతట తనే నడుస్తుంది. పెర్కిట్ చుట్టుపక్కల అన్ని బావుల దగ్గరా అదే పద్ధతి.

వెనక ఒకసారి హన్మండ్లు చేను కాడ అది చూసి అన్నాడు కూడా.

"మామా, గిట్ల కడితె మోటరు కాలిపోతది."

"కాలితె చుట్టించుకుంట అల్లుడా. నీళ్లు అందక పసుపు ఎండితె దాన్నేం జెయ్యాలె? ఎప్పుడొస్తవు, ఎప్పుడు పోతవు అని కరెంటుతోని పంచాయితి వెట్టుకోమంటవా?"

హన్మండ్లు పార అందుకుని నీళ్లు మళ్లించడానికి పోయాడు.

ఇంటి దగ్గర మాత్రం ఆ స్టార్టర్‌కు గట్టి కాపలా పెట్టాడు. ఫ్యాన్ ముందు పలుచటి రేకు ముక్క ఒకటి వేలాడదీశాడు. ఫ్యాన్ గాలికి రేకు లేస్తేనే కాయిల్‌కు కరెంటు అందుతుంది. ఫ్యాన్ ఆగితే రేకు పడిపోతుంది, కాయిల్ వదిలేస్తుంది, తీగెలు చల్లారుతాయి. ఇస్త్రీ పెట్టెలోంచి తీసిన వేడి బిళ్ల కూడా ఆ దారిలోనే కలిపాడు. మామూలుగా కంటే వేడెక్కితే అది తెంచేస్తుంది. కాపలా అంతా కాయిల్ చేతిలో ఉంది. బొత్తాన్ని ఎవరూ పట్టుకుని ఉండనంత వరకు ఆ డబ్బాకు భయం లేదు.

మొదటిసారి గది వెచ్చబడిన పొద్దున గంగామణి దిండు పక్కన పెట్టి వెనక్కి వాలి పడుకుంది. హన్మండ్లు పక్కనే కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉండిపోయాడు. పెళ్లయినప్పటి నుంచి ఆమె పడుకుని ఉండగా అలా కూర్చుని చూసింది ఎప్పుడూ లేదు. కళ్లు తెరవకుండానే ఆమె అంది:

"షేకుల ఇంట్ల గిట్లనే ఉంటదా?"

"గింత మంచిగుండదు."

"అబద్ధమాడకు," అంది, నవ్వి పడుకుంది.

చలి ముదిరాక ఎంకటి బిడ్డను చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉన్నాడు. మోకాళ్ల నొప్పులు, లేస్తే గోడ పట్టుకోవాలి. బస్టాండు దగ్గర ఎవరింట్లోనో నీళ్ల గీజర్ పాడైందని హన్మండ్లుకు పిలుపు వచ్చింది. పొద్దున్నే బయలుదేరుతూ మామను డబ్బా దగ్గరికి పిలిచి చెప్పాడు.

"మామా, కరెంటు పోయి వస్తె ముందుగాల ఫ్యాను తిరుగుతుందా చూడు. తిరిగినంకనే పచ్చ బొత్తం నొక్కు. నొక్కి చెయ్యి తీసెయ్యి. గంతె."

"నా స్టార్టరు గురించి నాకె చెప్తున్నవా?" అన్నాడు ఎంకటి.

ఇద్దరూ నవ్వుకున్నారు. బెండు మాట హన్మండ్లు నోట రాలేదు. అది చేను కాడి సంగతి, ఇంట్లో ఎవరు పెడతారు అనుకున్నాడు.

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. కరెంటు పోవడం, రావడం, పోవడం. పోయినప్పుడల్లా ఎంకటి గోడ పట్టుకుని లేవడం, నొక్కడం, మూలుగుతూ కూర్చోవడం. అది చూడలేక గంగామణి అంది.

"నువ్వు కూసో నాయినా, నేను లేస్త."

లేవబోయింది. దగ్గు వచ్చి మంచం పట్టె మీదే కూలబడింది.

"పండు బిడ్డా. నువ్వు లేసుడు లేదు, నేను లేసుడు లేదు," అన్నాడు తండ్రి. సంచిలోంచి మక్క బెండు తీశాడు. పొయ్యిలోకని చేను నుంచి తెచ్చినవి. ముక్క విరిచి పచ్చ బొత్తం మీద పెట్టి, పాత గాడిలోనే సుతిలి తిప్పి కట్టాడు. బిడ్డకు వేడి పాలు తెద్దామని గిన్నె పట్టుకుని చౌరస్తాకు నడిచాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఈ ఇంటి ఫేజ్ పోయింది. హబీబ్ ఇంటి ఫేజ్ పోలేదు. ఫ్యాన్ ఆగింది, రేకు పడింది, కాయిల్ వదిలేసింది. బొత్తాన్ని మాత్రం బెండు వదల్లేదు, లోపలి రాగి పలకలు ఆనుకునే ఉన్నాయి. తీగెలు ఎర్రబడి, తెల్లబడి, వెనక మిగిలిన నల్ల స్పాంజి అంటుకుంది.

గది నల్లటి పొగతో నిండిపోయింది. గోడ మీది నుంచి పొగ చూసి ఆరిఫా పరిగెత్తుకొచ్చింది. చున్నీ ముక్కుకు చుట్టుకుని లోపలికి దూరి, గంగామణిని చంకల కింద పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. హబీబ్ తన ఇంటి ఫ్యూజ్ పీకేశాడు. ఒంటి మీద ఒక్క బొబ్బ కూడా లేదు గంగామణికి. లోపలికి పోయిన పొగే.

హబీబ్ ఆటోలో ఆమెను నిజామాబాద్ తీసుకుపోతుంటే, కబురందుకున్న హన్మండ్లు దారిలో ఎక్కాడు. ఆమెను దవాఖానలో చేర్చాక, తువ్వాలు, బట్టలు తీసుకుపోదామని ఇంటికి వచ్చాడు. డబ్బా మూత తీశాడు. తీగెలు ఆయన కట్టినచోటే ఉన్నాయి, ఒక్క పూస కూడా జారలేదు. మరేమైంది అనుకుంటూ స్టార్టర్ వైపు చూశాడు. సుతిలి కట్టి ఉంది. బెండు ఒక వైపు మాడింది.

సుతిలి విప్పి, బెండుతో సహా జేబులో పెట్టుకున్నాడు.

దవాఖానలో గంగామణి ముఖానికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మామ మందుల కోసం కిందికి పోయినప్పుడు, ఆమె గొట్టం కొంచెం పక్కకు జరిపి అడిగింది.

"బెండు తీసినవా?"

"తీసిన."

"నువ్వు తీసుడు నాయిన సూడలే గద."

"సూడలే."

"మంచిగైంది," అంది. గొట్టం తనే మళ్లీ సర్దుకుంది.

ఆ తర్వాత ఆమె మాట్లాడింది తక్కువ. చలి తగ్గకముందే పోయింది.

దినాలు అయిపోయాక, చుట్టాలు వెళ్లిపోయిన మధ్యాహ్నం, వాకిట్లో మామ, అల్లుడు ఇద్దరే మిగిలారు. ఎంకటి గడ్డం చేయించుకుని, తువ్వాలు తల మీద వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అల్లుడా, ఒక మాట అడుగుత. నిజం చెప్పు."

"అడుగు మామా."

"నేను గా పొద్దుగాల బొత్తానికి బెండు వెట్టిన. బిడ్డ లేవబోతుంటె చూడలేక వెట్టిన. గా బెండుతోని ఏమన్న అయిందా?"

అడుగుతున్నప్పుడు ఆయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల మీదే పెరిగింది గంగామణి. అవును అంటే ఆ ముసలాయన సాయంత్రం దాకా బతుకుతాడో లేదో. బతికితే, రోజూ ఆ చేతుల్నే చూసుకుంటూ బతకాలి.

"బెండుతోని ఏం గాదు మామా," అన్నాడు హన్మండ్లు. "బావి కాడ ఇన్నేండ్ల నుంచి వెడుతలేవా? వైరే నేను తప్పు కలిపిన."

"నువ్వు తప్పు కలిపినవా?"

"తప్పు కలిపిన."

ఎంకటి చేతులు విడివడ్డాయి. పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి అయిపోగానే ఆయన ముఖం మారిపోయింది.

"గన్నేండ్లు పరాయి దేశంల ఉండి గిదేనారా నేర్చుకున్నది? షేకుల ఇండ్లన్ని మంచిగ బిగిచ్చి, నా బిడ్డ కాడికొచ్చినంక తప్పు కలిపినవా? నీకిచ్చిన్నాడె నా బిడ్డ సచ్చింది."

తువ్వాలు దులుపుకుని లేచి, గోడ పట్టుకుంటూ వాకిలి దాటాడు. హన్మండ్లు ఆపలేదు.

అది ఊరంతా పాకింది. హీటర్ల హన్మండ్లు తప్పు కలిపి పెళ్లాన్ని పొట్టన పెట్టుకున్నాడని. చాయ్ హోటల్లో ఇక ఎవరూ ఎగతాళి చేయలేదు, ఆయన వస్తే కొంచెం జరిగి చోటిచ్చేవారు. అది ఎగతాళి కంటే బరువుగా ఉండేది. గీజర్ పాడైనా, స్విచ్ పాడైనా పిలిచేవాళ్లు లేకుండా పోయారు. హబీబ్ ఒక్కడే ఒకనాడు గోడ దగ్గర నిలబడి అడిగాడు.

"భాయ్, గా వైర్లు కలిపేటప్పుడు నేను పక్కనే ఉన్న. నువ్వు తప్పు కలపలే. మీ మామ ఏమన్న జేసిండా?"

"హబీబ్, గా మాట నాతోని అన్నవు, చాలు. ఇంకెక్కడ అనకు."

హబీబ్ అతని ముఖం చూసి తల ఊపాడు. ఆరిఫాతో కూడా అనలేదు.

బతకాలి కాబట్టి హన్మండ్లు పసుపు మార్కెట్ యార్డులో చేరాడు. బస్తాలు నిండాక వాటి మూతులు కుట్టే పని. దబ్బనం, సుతిలి. మధ్యాహ్నానికల్లా చేతులు, చొక్కా, కనుబొమ్మలు పసుపు. కుట్టు వదులుగా ఉండదు, బిగువుగా ఉండదు. హమాలీలు ఆయన బస్తా ఎత్తడానికి ఇష్టపడేవారు.

కొన్నేళ్లు గడిచాయి. ఎంకటి ఒంటరిగా చేను లాక్కొస్తున్నాడని, చూపు ఆనడం లేదని పెర్కిట్ నుంచి వచ్చే రైతులు చెప్పేవారు. హన్మండ్లు యార్డుకు సెలవైన రోజుల్లో వెళ్లడం మొదలుపెట్టాడు. మొదట్లో ముసలాయన నోరు తెరిస్తే తిట్టడానికే. అయినా హన్మండ్లు పసుపు కొమ్ములు విరిచాడు, ఉడకబెట్టే కడాయి కింద మంట పెట్టాడు, చేలో నీళ్లు మళ్లించాడు. సాయంత్రం అన్నం వండి పెడితే ఎంకటి తలెత్తకుండా తినేవాడు.

ఒక చలికాలం సాయంత్రం బావి దగ్గర స్టార్టర్ మీది బెండు నలిగి ఊడిపోయింది. ఎంకటి తడుముకుంటూ సుతిలి విప్పుతున్నాడు. ముడి రావడం లేదు.

"ఇటియ్యి మామా, నేను కడుత," అన్నాడు హన్మండ్లు.

ఎంకటి చేయి అడ్డం పెట్టాడు.

"వద్దు. నువ్వు కరెంటుది ముట్టకు. ఒక్కపాలి ముట్టింది చాలు. గీ బెండు నేనే వెట్టుకుంట. ఇన్నేండ్లల ఇది నన్ను ఎన్నడు మోసం జెయ్యలే."

హన్మండ్లు చేయి వెనక్కి తీసుకున్నాడు. మక్క బెండ్ల కుప్ప దగ్గరికి పోయి కూర్చుని, కొన్ని పక్కకు తోసి, ఎండిన గట్టిది ఒకటి ఏరాడు. బొత్తానికి సరిపోయేటంత విరిచి, తెచ్చి మామ అరచేతిలో పెట్టాడు.